దొరసాని, ఆయమ్మ

లాండ్రీ హాస్టల్ నుంచి,
వానలు మొదలైన వారం

వదినకి,

క్షేమంగా చేరాను. క్షేమం అన్న మాట అలవాటు కొద్దీ రాశానుగానీ, బస్సెక్కింది మొదలు దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీటు పెద్దమనిషి పాపం రెండుసార్లు మంచినీళ్ళ సీసా అందించి, మూడోసారి సీటు మారిపోయాడు.

నా పని ఒక పెద్ద హోటలు లాండ్రీలో. నేల కింద పొడుగాటి గది, కిటికీల్లేవు. ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లు పై అంతస్తుల నుంచి ఒక గొట్టంలో జారి వచ్చి మా ముందు పడతాయి. ఉతికే మిషన్లు మగవాళ్ళు చూసుకుంటారు, ఇస్త్రీ రోలర్లు మావి. ఇద్దరం చెరో కొసా పట్టుకుని దుప్పటిని రోలరు కిందికి పంపాలి, అవతల ఇద్దరు అందుకుని మడత పెట్టాలి. ఆవిరికి మొహం ఉడికిపోతుంది. హాస్టల్లో గదికి ఆరుగురం. పిల్లల్ని తీసుకురాకూడదని నా మంచం ఎదురుగా గోడ మీదే రాసిపెట్టారు. వచ్చినప్పటి నుంచీ ఆ గోడనే చూస్తూ పడుకుంటున్నాను.

పిడుగు ఎలా ఉంది? నేను వెనక్కి తిరక్కుండా వచ్చేశాను కదా, ఎంతసేపు ఏడ్చింది? దాచకుండా రాయి.

ఇక అసలు సంగతి. దాని నాన్న మొహం చాటేశాక నన్నూ దాన్నీ నువ్వూ అన్నయ్యా ఒక్క ప్రశ్న అడక్కుండా ఇంట్లోకి రానిచ్చారు. అదే చాలా ఎక్కువ. ఇప్పుడు దాన్ని చూసుకోవడానికి నువ్వు చెప్పుల షాపులో కౌంటరు ఉద్యోగం కూడా మానుకున్నావు. అది నాకు మింగుడు పడటం లేదు. నెలనెలా నీకు జీతం పంపుతాను. దాని తిండికి వేరే పంపుతాను, ఇది నీ పనికి. ఊరికే చేయించుకుంటే రేపు పిల్ల గురించి ఒక్క మాట గట్టిగా అడగాలన్నా నాకు నోరు రాదు.

ఆడపడుచు దగ్గర జీతమా, నలుగురూ నవ్వరూ అంటావని తెలుసు. అందుకని కాసేపు నువ్వు నా వదినవి కాదనుకో. నేనొక పెద్దింటి దొరసానిని. నా పిల్లని చూడ్డానికి ఆయమ్మ కోసం వెతుకుతున్నాను. నీకిష్టమైతే అర్జీ పెట్టుకో, పరిశీలిస్తాం.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి,
వానలో తడిసిన బట్టలు ఇంకా ఆరని పూట

దొరసాని గారి దివ్యసముఖమునకు ఆయమ్మ ఉద్యోగము కోరి వ్రాసుకొను అర్జీ.

నాకు పిల్లల్ని పెంచిన అనుభవం లేదు. దేవుడు ఇవ్వలేదు, నేను అడగడం మానేశాను. చెప్పుల షాపులో మనిషి నడకను బట్టి సైజు చెప్పగలను, అది తమకు పనికొస్తుందో లేదో తెలియదు. నాకున్న ఒకే ఒక అర్హత, తమ పుత్రికారత్నానికి నా మెడ నచ్చింది. పట్టుకుంటే వదలదు. వారానికి ఒక పూట సెలవు కావాలి. ఆ పూట పిల్లని వాళ్ళ మామయ్య మోస్తారు, ఎలాగూ బస్సు నడపని రోజు ఆయనకు చేతులు ఊరికే ఉండవు.

ఇక వదినగా రాస్తున్నాను. జీతం సంగతి వినగానే మీ అన్నయ్య ఇంతెత్తున లేచారు. చెల్లెలి డబ్బు ఇంట్లోకి తెస్తావా అన్నారు. "మీ చెల్లెలి డబ్బు కాదండీ, మా దొరసాని డబ్బు. నేను కష్టపడి సంపాదించుకుంటున్నాను, మీకెందుకు మధ్యలో" అన్నాను. నవ్వారు. నువ్వు వెళ్ళాక ఆయన నవ్వడం అదే మొదలు.

దాచకుండా రాయమన్నావు. మధ్యాహ్నం దాకా ఏడ్చింది. తర్వాత నువ్వు వదిలేసి వెళ్ళిన పాత చెప్పులు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. వాటితోనే నిద్రపోయింది. ఇప్పుడు కొంచెం నయం. నీ ఫోటో గూట్లో పెట్టి, "మన దొరసాని ఏదే" అంటే వేలు చూపిస్తుంది. పోస్టువాడు వస్తే "దొరసాని ఉత్తరం" అని వీధి వీధంతా వినిపించేలా అరుస్తుంది. నన్ను ఆయమ్మ అనమంటే నోరు తిరగక సగం మింగేస్తోంది. మూడేళ్ళు నిండని పిల్లకి ఇన్ని మాటలు ఎక్కడివో తెలియదు. నా తల ప్రాణం తోకకి తెస్తోంది.

అర్జీ చేరకముందే మొదటి నెల జీతం అందింది. సంతకం పెట్టమంటే పెడతాను.

ఇట్లు,
తమ ఇంటి ఆయమ్మ

*

లాండ్రీ హాస్టల్,
చలి మొదలవుతోంది

మా ఆయమ్మకి,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. అప్పటి నుంచి ఇక్కడ కూడా నేను దొరసానినే. పొద్దున్నే రోలరు దగ్గర చేతులు కాల్చుకుంటూ ఉంటే "దొరసాని గారూ, కాస్త ఆ కొస పట్టుకుంటారా" అంటారు. నవ్వుకుంటే పని తొందరగా సాగుతుంది.

ఈ నెల జీతంలో కాస్త ఎక్కువ పంపాను, చలికి దానికి మేజోళ్ళు కొను. ఆయమ్మకు కూడా ఒక శాలువా కొనుక్కోవాల్సిందని దొరసాని ఉత్తర్వు. ఉత్తర్వు మీరితే ఉద్యోగం ఊడుతుంది.

ఒక మంచి మాట. ఏడాది నిండిన వాళ్ళకి హోటలు వెనక క్వార్టర్లలో ఒంటి గది ఇస్తారట. అక్కడ పిల్లలు ఉండొచ్చు. మా మడతలు తనిఖీ చేసే ఆవిడ, మేమంతా మడతల మేడం అంటాం, స్వయంగా చెప్పింది. ఆవిడ నోట్లోంచి తిట్టు తప్ప వేరే మాట రావడం ఇదే మొదటిసారి. ఏడాది తిరిగేసరికి పిడుగుని తెచ్చుకుంటాను వదినా. ఇక దాన్ని తలుచుకుంటే ఏడుపు రాదు, రోజులు లెక్కపెట్టుకోవాలనిపిస్తుంది.

నాలుగు రోజులు సెలవు అడిగాను. వచ్చే నెల వస్తాను. దానికి చెప్పు. అవునూ, అది నన్ను అడుగుతోందా? నిద్రలేవగానే అడుగుతుందా, పడుకోబోయేముందా? ఏమని అడుగుతుంది? నువ్వు అన్నీ రాస్తున్నావుగానీ అదొక్కటీ రాయడం లేదు.

నీ దొరసాని

*

ఇంటి నుంచి,
చలి ముదిరింది

దొరసానికి,

శాలువా కొన్నాను. ఉద్యోగం మీద ఆశ మరి. మేజోళ్ళు దాని పాదాలకి రెండు రోజులు కూడా నిలవలేదు, ఒకటి బస్సు డిపోలో పారేసుకుంది, ఇంకొకటి మీ అన్నయ్య చొక్కా జేబులో దొరికింది.

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మధ్యలో దానికి జ్వరం వచ్చింది. కంగారు పడకు, తగ్గిపోయింది. తగ్గాకే రాయాలని ఆగాను. మూడు రోజులు నా మీదే పడుకుంది, కింద పెడితే ఒప్పుకోలేదు. మీ అన్నయ్య బస్సు వేరేవాళ్ళకి అప్పగించి ఇంట్లోనే ఉండి నాకు అన్నం కలిపి పెట్టారు. మందు తాగించడానికి ఆయన కప్పగంతులు వేయాల్సి వచ్చింది. ఆ చెట్టంత మనిషి వంటింట్లో గెంతుతుంటే గిన్నెలు ఊగాయి.

వచ్చే నెల వస్తానన్నావు. నన్నడిగితే ఇప్పుడు వద్దు. ఇప్పుడిప్పుడే కుదుటపడింది. నువ్వు వచ్చి రెండు రోజులుండి వెళ్ళిపోతే మళ్ళీ మొదటికొస్తుంది. జ్వరం పడి లేచిన పిల్ల, తట్టుకోలేదు. ఎండలు వచ్చాక చూద్దాం. గది గురించి కూడా నిదానంగా ఆలోచించు. నువ్వు పొద్దంతా నేల కింద ఉంటే పైన దాన్ని ఎవరు చూస్తారు?

నువ్వడిగినదానికి ఏం రాయను. నీ ఫోటోకి రోజూ ముద్దు పెడుతుంది.

ఆయమ్మ

*

లాండ్రీ హాస్టల్,
ఎండలు

వదినా,

నీ మాట విని చలికాలమంతా ఆగాను. ఇక నా వల్ల కాదు. మా గదిలో ఒకావిడ కొడుకుని చూసి వచ్చింది. వాడు ఆవిడని గుర్తుపట్టడానికి ఒక పూట పట్టిందట. "ఒక్క పూటేగా" అని ఆవిడ నవ్వుతూ చెప్పి, తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మడతల మేడం కాళ్ళు పట్టుకున్నంత పని చేసి సెలవు తీసుకున్నాను. ఈ ఉత్తరం వెనకే నేనూ వస్తున్నాను. వద్దని రాయడానికి నీకు టైము లేకుండా చూసుకున్నాను. కోప్పడకు. దానికి ఏడుపొస్తే ఏడవనీ, నాకూ వస్తుంది, ఇద్దరం కలిసి ఏడుస్తాం.

నీ ఆడపడుచు

*

లాండ్రీ హాస్టల్,
ఎండలు ముదిరాక

వదిన గారికి,

మీ ఇంట్లో నాలుగు రోజులు ఉంటానని వచ్చి రెండో రోజే ఎందుకు బయల్దేరానో అన్నయ్యకి ఏం చెప్పారో తెలియదు. నేను మాత్రం బస్టాండులో ఒక పూటంతా కూర్చున్నాను. తిరిగి వద్దామనుకుని రెండుసార్లు లేచాను.

తలుపు అదే తీసింది. ఎంత ఎదిగిందో. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాను. అది నన్ను ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి, "అమ్మా, దొరసాని వచ్చింది" అని కేకేసింది.

పిల్ల నన్ను దొరసాని అన్నందుకు కాదు నా బాధ. ఆ పేరు నేనే పెట్టుకున్నాను, నా నెత్తిన నేనే. కానీ "అమ్మా" అని అది పిలిస్తే వంటింట్లోంచి మీరు "ఆఁ, వస్తున్నా తల్లీ" అని పలికారు. తడుముకోలేదు. ఎన్ని నెలల నుంచి అలా పలుకుతుంటే ఆ తడుముకోకపోవడం వస్తుందో నాకు తెలుసు. నన్ను చూశాక మీ చేతిలో గరిట ఆగిపోయింది. అప్పుడు మాత్రం దానితో "అమ్మ అదిగో, అటు చూడు" అన్నారు. అది నవ్వి మీ వెనక దాక్కుంది. పరాచికం ఆడుతున్నారనుకుంది.

జ్వరం గురించి రాశారు, మేజోళ్ళ గురించి రాశారు, అన్నయ్య గెంతుల గురించి రాశారు. ఇది రాయలేదు. నేను అడిగిన ప్రతిసారీ నీళ్ళు నమిలారు. చలికాలంలో రావద్దన్నది దాని మంచికే అనుకుని నేను మీకు దణ్ణం పెట్టుకున్నాను.

మీరు నేను జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషి. నా పిల్లని చూడమన్నాను, తీసుకోమనలేదు. గది చేతికి రాగానే దాన్ని తెచ్చేసుకుంటాను. అప్పటిదాకా జీతం వస్తుంది.

ఇట్లు

*

ఇంటి నుంచి

నీకు,

ఏమని పిలవాలో తెలియక ఉత్తరం మొదలుపెట్టడానికే నాలుగు కాగితాలు పాడుచేశాను.

చెప్పేది విను. ఇది ఎవరూ నేర్పింది కాదు. ఆయమ్మ అనమన్నాం కదా, ఆట. దానికి "ఆయ" పలకలేదు. అది పోగా మిగిలింది అంది. మొదట్లో నవ్వాను. తర్వాత దిద్దాను. "ఆయమ్మ అనాలి, లేకపోతే అత్తయ్య అను" అని రోజుకి పదిసార్లు దిద్దాను. జ్వరంలో ఉన్నప్పుడు నా జుట్టు పట్టుకుని అదే పనిగా అమ్మా అమ్మా అంది. అప్పుడు దిద్దలేదు. అది నిన్నే పిలిచిందేమో, అది కూడా నాకు తెలియదు. కానీ పలికింది నేను. ఆ తర్వాత దిద్దడం మానేశాను.

మర్చిపోయి మానేయలేదు. కావాలనే మానేశాను. నలభై దగ్గరపడుతున్నాయి నాకు. ఇంట్లో ఒకరు అమ్మా అని అరిస్తే పొయ్యి మీద గిన్నె వదిలేసి పరిగెత్తడం ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. తెలిశాక వదులుకోలేకపోయాను. నిన్ను చలికాలంలో రావద్దన్నది నా కోసమే. పిల్ల పేరు చెప్పి నిన్ను ఆపాను.

జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషి అన్నావు. ఆ మాట మన ఆటలో నువ్వు ఎన్నిసార్లన్నావో, నేను ఎన్నిసార్లు నవ్వానో. ఈసారి ఉత్తరం చదివి మీ అన్నయ్యకి ఇవ్వకుండా దాచాను. ఆయన చదివితే నీ మీద కోపం పెట్టుకుంటారు, లేదా నా మీద. రెండూ నాకు వద్దు.

జీతం మనిషినే అనుకో. మరి జీతం మనిషిని కూడా ఉన్నపళంగా తీసేయరు కదా. ఒక నెల ముందు చెప్తారు. నాకూ ఒక నెల ఇవ్వు. ఆ నెలలో నేను దానికి నిన్ను అమ్మా అనడం నేర్పుతాను, నేను అత్తయ్యనని నేర్పుతాను. నేర్చుకున్నాక తీసుకెళ్ళు. ఒక్కసారిగా లాగేయకు. నా కోసం అడగడం లేదు. అబద్ధం, నా కోసం కూడా అడుగుతున్నాను.

వదిన

*

క్వార్టర్ల నుంచి,
మళ్ళీ వానలు

వదినకి,

నెల అడిగితే వారం కూడా ఇవ్వలేదని నీకు కోపం ఉంటుంది. గది ఖాళీ అయింది, వెంటనే చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఇది నిజం. నేను ఆగి ఉండాలనుకోలేదు, అది కూడా నిజం. అన్నయ్య దాన్ని దింపి వెళ్ళేటప్పుడు నా మొహం చూడలేదు.

గది చిన్నదే. ఒక మంచం, ఒక పొయ్యి, రోడ్డు వైపు కిటికీ. పగలు దాన్ని చూడ్డానికి ఒకావిడని పెట్టాను. కింది వాటాలోనే ఉంటుంది. పెద్ద పెద్ద ఇళ్ళలో పిల్లల్ని చూసి చూసి రిటైరైన మనిషి. ఇస్త్రీ మడత నలగని చీర, టైము ప్రకారం తిండి, టైము ప్రకారం నిద్ర. నన్ను అమ్మగారూ అంటుంది. నాకన్నా ముప్ఫై ఏళ్ళు పెద్ద. నాకు సిగ్గేసి వద్దన్నాను. "జీతం ఇచ్చేవాళ్ళని అలాగే అనాలమ్మగారూ, పద్ధతి పద్ధతే" అంది. పిడుగుకి కూడా పద్ధతి నేర్పుతోంది. పెద్దవాళ్ళని నువ్వు అనకూడదని, మీరు అనాలని. ఎవరైనా ఏదైనా ఇస్తే రెండు చేతులతో తీసుకోవాలని.

కానీ అది తినడం లేదు వదినా. పగలంతా తలుపు దగ్గర నిలబడుతోందట. నన్ను చూస్తే "దొరసానీ, ఇంటికి పంపించు" అంటుంది. రాత్రంతా ఏడిచి నా చెయ్యి తోసేసి గోడవైపు తిరిగి పడుకుంటుంది. దాన్ని ఎలా నిద్రపుచ్చేదానివి? నీ మీద అంత మాట అన్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నానని అనుకోకు. ఎలా నిద్రపుచ్చేదానివో చెప్పు.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి,
వాన ఆగిన రోజు

అమ్మాయ్,

దానికి చెవి కావాలి. ఎవరి పక్కన పడుకుంటే వాళ్ళ చెవి తమ్మె పట్టుకుని నలుపుతూ నిద్రపోతుంది. ఎడమ చెవి. కుడివైపు తిరిగితే ఒప్పుకోదు, మీదెక్కి ఇటు తిప్పుతుంది. కాసేపటికి నొప్పి పుడుతుంది, ఓర్చుకో. వేలు జారిపోతే నిద్ర పట్టినట్టు. జారింది కదా అని వెంటనే లేవకు, ఒక్కోసారి దొంగ నిద్ర.

తినకపోతే బతిమాలకు. నువ్వు తినడం మొదలుపెట్టి, "ఇదంతా నాకే" అను. పళ్ళెం లాక్కుంటుంది. కోపం వస్తే మంచం కింద దూరుతుంది. లాగకూడదు, పక్కన నేల మీద పడుకుని నీ పని నువ్వు చేసుకుంటున్నట్టు ఉండాలి, తనే వస్తుంది. అది అల్లరి చేయడం మొదలుపెట్టాక భయం లేదు. చేయకపోతేనే భయపడు.

ఇంకా బోలెడున్నాయి. ఇవన్నీ రాస్తుంటే ఇల్లు ఖాళీ చేసి తాళం చెవులు అప్పగిస్తున్నట్టు ఉంది. అయినా రాస్తాను, నువ్వు అడిగింది అడిగినట్టు రాస్తాను.

చెప్పుల షాపువాళ్ళు వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. ఎదురింటి వాళ్ళ కోడలు పసిబిడ్డని చూస్తావా అని అడిగింది. "నీకు అలవాటేగా అక్కా, జీతం కూడా ఇస్తాను" అంది. మంచి పిల్ల, తప్పుగా అనలేదు. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేశాను. నిజంగానే ఆ రోజు లేవలేకపోయాను.

వదిన

*

క్వార్టర్ల నుంచి,
చలి

వదినా,

చాలా రోజులు రాయలేదు. రాయాలంటే చెయ్యి రాలేదు.

అది ఏడవడం మానేసింది. పెట్టింది తింటుంది. చెప్పిన చోట కూర్చుంటుంది. పెద్దావిడ మెచ్చుకుంటోంది, తన సర్వీసులో ఇంత బుద్ధిమంతురాలిని చూడలేదట. మెట్ల మీద ఎదురైన వాళ్ళంతా "ఎంత చక్కగా పెంచారండీ" అంటున్నారు. పిడుగు అని పేరు పెట్టుకున్న పిల్ల వదినా. మంచం కింద దూరడం లేదు. "ఇదంతా నాకే" అని పళ్ళెం ముందుకు లాక్కుంటే, "తినండి" అంది. నా ఎడమ చెవి దాని వేళ్ళ దగ్గర పెట్టాను. "వద్దండీ" అంది.

మా దగ్గర ఇద్దరు మానేస్తే ఆ పని కూడా మా మీదే పడింది. తెల్లారకుండా దిగుతాను, చీకటి పడ్డాక పైకొస్తాను. దాన్ని తెచ్చుకోవడానికే ఈ పని, ఈ పని వల్లే దాని మొహం చూడలేను. చూసినా నేను చూసేది నిద్రపోతున్న మొహమే.

మొన్న కాస్త వెలుతురుండగానే వచ్చాను. మెట్ల మీదే వినపడింది. లోపలి నుంచి "అమ్మ వచ్చారు" అన్నట్టు వినిపించింది. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. తలుపు తీసి దాన్ని ఎత్తుకుని, "మళ్ళీ అను తల్లీ, ఇంకోసారి పిలు" అన్నాను. అది పెద్దావిడ వంక చూసి, తప్పు చేశానేమో అన్నట్టు, స్పష్టంగా అంది. "అమ్మగారు."

రోజంతా ఆవిడ నోట వినేది అదే కదా. అమ్మగారు వస్తారు, అమ్మగారు డబ్బిచ్చారు, అమ్మగారికి చెబుతాను. నీ దగ్గర "ఆయ" మింగేసింది, ఇక్కడ "గారు" చేర్చుకుంది. నేను అది అమ్మా అంటే చాలనుకుని రాత్రులు మేలుకున్నాను, అంది చూశావా.

పెద్దావిడ తప్పేమీ లేదు. చెయ్యెత్తలేదు, కసరలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. జీతానికి పనిచేసే మనిషి ఎలా ఉండాలో అలాగే ఉంది. నిన్ను కూడా నేను అలాగే ఉండమన్నాను. నువ్వు ఉండలేకపోయినందుకు నీ నుంచి దాన్ని లాక్కొచ్చాను.

అన్నయ్యని పంపు. దాన్ని తీసుకెళ్ళు. అమ్మా అంటే పలుకు, తడుముకోకుండా పలుకు. ఈసారి నేను అడ్డం రాను, దిద్దను. ఏడాదికోసారి వచ్చే చుట్టంలా వస్తాను, అత్త అనిపించు. జీతం అనే మాట ఇక ఎత్తను. అది మళ్ళీ అల్లరి చేస్తోందని మాత్రం ఒక్క ముక్క రాయి. నాకు అది చాలు.

దాని వస్తువులు సంచిలో సర్దాను. అదే సాయం చేసింది. తన గౌన్లు తనే మడత పెట్టుకుంది, మా మడతల మేడం కూడా అంత బాగా పెట్టలేదు.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి,
మీ అన్నయ్య దాన్ని తెచ్చిన పదో రోజు

అమ్మాయ్,

ఒక్క ముక్క రాయమన్నావు. ఆ ముక్క రాసే వీలు దొరుకుతుందేమోనని ఇన్నాళ్ళు ఆగాను.

ఉదయం బస్సుకి వచ్చారు. నేను మెట్ల కింద దాకా పరిగెత్తాను. అది మీ అన్నయ్య వేలు పట్టుకుని నిలబడి నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఆ మాత్రం నాకు తెలుస్తుంది, కళ్ళు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. దగ్గరికి తీసుకున్నాను. వద్దనలేదు. మెడ పట్టుకోలేదు. కింద పెట్టేదాకా ఓపిగ్గా ఉంది.

గుమ్మం బయట చెప్పులు విప్పి, జోడు సరిగ్గా పెట్టి, "లోపలికి రావచ్చా అండీ" అని అడిగింది. తన ఇంట్లోకి. మీ అన్నయ్య సంచి అక్కడే వదిలేసి డ్యూటీ ఉందని వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయనకి డ్యూటీ లేదు.

నువ్వు చెప్పావని కాదు, ఆగలేక నేనే అన్నాను. "నేనేరా, అమ్మని. అమ్మా అను" అన్నాను. సిగ్గు లేకుండా అడుక్కున్నాను. అది తలూపి, "సరేనండీ అమ్మగారూ" అంది.

నీ మీద గెలిచానని ఒక్క పూటైనా అనిపిస్తుందేమో అనుకున్నాను, నీ ఉత్తరం వచ్చిన రోజు. దేవుడి ముందు దీపం కూడా పెట్టాను. ఇప్పుడు ఆ సంగతి నీకు రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాను.

అల్లరి లేదు. ఏడుపు లేదు. నా చెవి అడగలేదు. నేను పడుకుంటే పక్కన పడుకుంటుంది, లేస్తే లేస్తుంది. నీ ఫోటో చూపించి ఎవరే అంటే, "ఆ ఇంటి అమ్మగారు" అంది. నన్ను చూపించి మీ అన్నయ్య అడిగితే, "ఈ ఇంటి అమ్మగారు." ఆయనని ఏమంటుందో అడగకు.

దాన్ని నీకు పంపమంటే పంపుతాను. ఉంచుకోమంటే ఉంచుకుంటాను. నువ్వే వచ్చి ఇక్కడ ఉంటానంటే ఒక గది ఖాళీ చేసి ఇస్తాను. ఏది చేసినా అది "సరేనండీ" అంటుంది. నాకు అదే భయంగా ఉంది.

సంచి ఇంకా విప్పలేదు. గూట్లో సర్దుదాం రా అంటే వద్దంది. గుమ్మం పక్కన, తన చేతికి అందేటట్టు పెట్టుకుంది. రోజూ సాయంత్రం మొహం కడిగించుకుని, జడ వేయించుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడి అడుగుతుంది. "అమ్మగారూ, నేనిక్కడ ఎన్నాళ్ళుండాలండీ?"

ఎప్పటికీ అని చెప్పాను. నమ్మలేదు. నాకు మర్యాదగా తలూపి, మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చి అడిగింది.